జాడ తెలియనివారి కోసం



ఆడికృత్తిక నాడు తిరుత్తణి కొండ కింద నిలబడినవారికి ఒక సంగతి జ్ఞాపకం ఉండి తీరుతుంది. నగరి, పుత్తూరు, పళ్ళిపట్టు వైపు నుంచి కొన్ని, అరక్కోణం, తిరువళ్ళూరు వైపు నుంచి కొన్ని, పూల కావళ్ళు వస్తూనే ఉంటాయి. శరవణ పొయిగై దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. ఆ హోరులో మైకు మాత్రం ఆగదు. "ఎర్ర చొక్కా వేసుకున్న బాబు, వయసు ఐదేళ్ళుంటుంది, తల్లిదండ్రులు వెంటనే రావాలి" అని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. పేరేమిటని అడిగితే ఆ బాబు సుబ్రమణ్యం అంటాడు. ఆ రోజు ఆ కొండ మీద ఎంతమంది సుబ్రమణ్యాలు ఉంటారో ఆ స్వామికే తెలియాలి. అయినా అరగంటలో తల్లి పరుగెత్తుకుంటూ వస్తుంది. ముందు వీపు మీద ఒకటి వేస్తుంది, తరువాత ఎత్తుకొని ఏడుస్తుంది.

మనం ఎన్నోసార్లు చూసి, నవ్వుకొని ముందుకు నడిచిపోయిన దృశ్యం ఇది. కాని ఒక్కసారి ఆలోచించండి. ఆ మైకు దగ్గర కూర్చున్న మనిషికి దాచవలసిందేమీ లేదు. పిల్లవాడు ఇక్కడున్నాడని చెప్పడమే అతని పని. అలా కాక, పిల్లవాణ్ణి తీసుకుపోయినవారే మైకు దగ్గర కూర్చుంటే? "అలాంటి పిల్లవాడెవరూ మా దగ్గరకు రాలేదు, ఇంటికి వెళ్ళి వెదుక్కోండి" అని తల్లికి చెబితే?

ఈనాటి ప్రసంగం అలాంటి తల్లుల గురించి. వారిలో కొందరు మనకు చాలా దగ్గరలోనే, తిరువళ్ళూరు జిల్లాలోనే ఉన్నారు.

చెన్నై నుంచి కలకత్తా వెళ్ళే పెద్దరోడ్డు మీద తడ, సూళ్ళూరుపేట వైపు వెళ్ళేవారికి గుమ్మిడిపూండి తెలియకుండా ఉండదు. ఆరంబాక్కం దాటితే ఆంధ్రదేశం. గుమ్మిడిపూండి అనగానే మనకు ఫ్యాక్టరీలు, ఇనుము కరిగించే కొలుములు, లారీలు గుర్తుకు వస్తాయి. అక్కడి సంతలో తెలుగు, తమిళం కలిసే వినపడతాయి. ఆ ఊరి పక్కనే పెత్తికుప్పం దగ్గర 1990 నుంచి ఇంకో ఊరు ఉంది. అక్కడివారి తమిళం మన చెవికి కొంచెం వేరుగా వినిపిస్తుంది. యాళ్ప్పాణం, మన్నారు, వవునియా, తిరికోణమల ప్రాంతాల తమిళం అది. శ్రీలంక నుంచి వచ్చిన కాందిశీకుల శిబిరం. ఇలాంటిదే ఇంకొకటి రెడ్ హిల్స్ చెరువు దగ్గర, పుళల్‌లో కావాంగరైలో ఉంది. 2021లో తమిళనాడు ప్రభుత్వం వీటి పేరు మార్చి శ్రీలంక తమిళుల పునరావాస శిబిరాలు అన్నది. పేరు మారినా, వాడుకలో జనం క్యాంపు అనే అంటున్నారు.

1983 జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్ళు, అంగళ్ళు తగులబెట్టిన తరువాత మొదటిసారి పడవలు రామేశ్వరం చేరాయి. 1990 జూన్‌లో యుద్ధం తిరిగి మొదలైనప్పుడు రెండవసారి. తరువాత 1996లో, 2006లో మళ్ళీ. అన్నీ కలిపి 1983 నుంచి 2012 వరకు మూడు లక్షల మందికి పైగా ఈ గట్టుకు వచ్చారని మన ప్రభుత్వ లెక్క. చాలామంది తిరిగి వెళ్ళిపోయారు. ఇంకా సుమారు 58 వేల మంది తమిళనాడు అంతటా వందకు పైగా శిబిరాలలో మిగిలిపోయారు. వచ్చిన దారి ధనుష్కోడి, తలైమన్నారుల మధ్య ముప్ఫై కిలోమీటర్ల సముద్రం. పగలు కావలి ఓడలు తిరుగుతాయి కనుక రాత్రివేళ చీకటిలో వచ్చేవారు. కొందరు పడవవాళ్ళు మధ్యలో ఇసుకదిబ్బల మీద దింపి, ఇదే ఇండియా అని చెప్పి వెళ్ళిపోయేవారు. తెల్లవారాక చూస్తే నాలుగువైపులా నీళ్ళే. అక్కడినుంచి మన జాలరులు, తీరరక్షకదళంవారు చేర్చినవారు బ్రతికారు. మునిగిపోయిన పడవలూ ఉన్నాయి.

పడవ ఎక్కినవారి లెక్క మండపం శిబిరంలో రాసుకున్నారు. ఎక్కకుండా మిగిలినవారి లెక్క ఎవరు రాస్తారు? ఒక ఇంట్లో తల్లి, ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. పెద్దకొడుకు రాలేదు. ఎందుకు రాలేదు అంటే, ఫలానా నాడు వీధి చివర లారీ ఆగింది, అబ్బాయిని ఎక్కించుకున్నారు, విచారించి పంపేస్తామన్నారు. అంతే. ఆ తరువాత ఎవరినడిగినా మాకు తెలియదన్నారు.

సరిహద్దులో ఉన్నవాళ్ళం కనుక మనకు తమిళం తెలుసు. మనిషి కనబడకుండా పోతే తమిళంలో 'కాణామల్ పోనోర్' అంటారు. శ్రీలంకలో ఈ కుటుంబాలవారు ఆ మాటను ఒప్పుకోరు. 'కాణామల్ ఆక్కప్పట్టోర్' అనాలి అంటారు. అంటే కనబడకుండా పోయినవారు కాదు, కనబడకుండా చేయబడినవారు. మన తెలుగులో కర్మణి వాక్యం అంతగా ఇంపుగా ఉండదని వ్యాకరణం చెప్పే మాస్టార్లు అంటుంటారు. ఇక్కడ మాత్రం ఆ వాక్యమే కావాలి. పోయినవారు అంటే వారి కాళ్ళతో వారు వెళ్ళినట్టు. చేయబడినవారు అంటే చేసినవాడు ఒకడున్నాడు, వాడెవడో చెప్పాలి అని అడిగినట్టు. ఒక క్రియాపదంలో ఇంత తగాదా ఉంది.

చేసినవారు ఒక పక్షమేనా అంటే కాదు. ఈ విషయంలో ఏ పక్షాన్నీ వెనకేసుకు రావడానికి వీలులేదు. 1990 సెప్టెంబరు 5న మట్టక్కళప్పు దగ్గర వందారుమూలైలో, ఈస్టర్న్ యూనివర్సిటీ ఆవరణలో తలదాచుకున్న శరణార్థులలోనుంచి 158 మందిని సైన్యం తీసుకుపోయింది. వారు తిరిగి రాలేదు. అదే సంవత్సరం అదే తూర్పుతీరంలో, కురుక్కళ్‌మడం దగ్గర ప్రయాణంలో ఉన్న ముస్లిములను పులులు ఆపి తీసుకుపోయారు. వారి సమాధులెక్కడో నేటికీ వారి బంధువులు అడుగుతూనే ఉన్నారు. 1987 నుంచి 1990 మార్చి వరకు మన శాంతిసేన అక్కడ ఉన్న కాలానికి చెందిన ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఇక దక్షిణాన సింహళ పల్లెలలో 1987-89 నాటి జె.వి.పి. తిరుగుబాటును అణచినప్పుడు మాయమైన యువకులు వేల సంఖ్యలో ఉన్నారు. ఎంబిలిపిటియ అనే ఊళ్ళో బడిపిల్లలను కూడా తీసుకుపోయారు. ఆ కేసులో 1999లో బడి ప్రిన్సిపాల్‌కూ, కొందరు సైనికులకూ జైలుశిక్ష పడింది. ఇలాంటి కేసులలో శిక్ష పడడమన్నది అక్కడ బహు అరుదు, అందుకే దాన్ని చెప్పుకుంటారు.

కనుక ఇది తమిళ తల్లుల దుఃఖం మాత్రమే కాదు. 1984లో యాళ్ప్పాణంలో తమిళ తల్లులు ఒక సంఘంగా ఏర్పడి అరెస్టయిన తమ కొడుకుల కోసం ఊరేగింపుగా కచ్చేరీకి వెళ్ళారు. 1990లో దక్షిణాన సింహళ తల్లులు అదే పేరుతో సంఘం పెట్టుకున్నారు. వీళ్ళ భాష వాళ్ళకు రాదు, వాళ్ళ భాష వీళ్ళకు రాదు. చేతిలో ఫొటో పట్టుకునే తీరు మాత్రం ఒక్కటే. భూగోళం అవతలివైపు అర్జెంటీనాలో 1977 ఏప్రిల్ నుంచి, తలకు తెల్లగుడ్డ కట్టుకొని, ప్రతి గురువారం రాష్ట్రపతి భవనం ముందున్న చౌకులో తిరిగిన తల్లుల చేతిలోనూ అవే ఫొటోలు. గుమిగూడి నిలబడకూడదని పోలీసులు అంటే, సరే నిలబడం, నడుస్తాం అని చుట్టూ నడవడం మొదలుపెట్టారు.

ఇంత దూరం ఎందుకు, మన పక్కనే కేరళలో జరిగినదాన్ని తలుచుకుందాం. ఎమర్జెన్సీ రోజులలో, 1976 మార్చి 1 తెల్లవారుజామున, కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ హిందీ ఆచార్యుడు. ఆయన ఎక్కని గడప లేదు, పెట్టని అర్జీ లేదు. ఎమర్జెన్సీ ముగిసిన తరువాత 1977లో కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ అర్జీ వేశారు. హెబియస్ కార్పస్ అంటే లాటిన్ మాట. మనిషిని తెచ్చి ఎదుట నిలబెట్టు అని అర్థం. అలాంటి విద్యార్థిని మేము అరెస్టే చేయలేదని ప్రభుత్వం మొదట వాదించింది. చూసినవారు సాక్ష్యం చెప్పారు. చివరకు కస్టడీలో చనిపోయాడని ఒప్పుకోవలసి వచ్చింది, ముఖ్యమంత్రిగా ఉన్న కరుణాకరన్ రాజీనామా చేయవలసి వచ్చింది. అయినా ఆ తండ్రికి కొడుకు శరీరం దక్కలేదు. 2006లో ఆయన కన్నుమూసేదాకా దక్కలేదు. కోర్టులో గెలిచినా, అడిగింది మాత్రం రాలేదు.

శ్రోతలారా, ఇంతవరకు చరిత్ర చెప్పాను. ఇప్పుడు మన తిరువళ్ళూరు సంగతికి వస్తాను.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోవెల పుష్కరిణి మీరు చూసే ఉంటారు. ఒంట్లో బాగాలేనివారు మొక్కుకొని ఆ నీళ్ళలో బెల్లం కరిగిస్తారు. అమావాస్య నాడు, ముఖ్యంగా తై అమావాస్య నాడు, పితరులకు నీళ్ళు వదలడానికి చిత్తూరు జిల్లా నుంచి కూడా జనం తెల్లవారకముందే వచ్చి చేరుతారు. ఆ పుష్కరిణి పేరు హృత్తాపనాశిని. గుండెలోని తాపాన్ని పోగొట్టేదని అర్థం. గట్టు మీద పురోహితుడు అడుగుతాడు: గోత్రం? పేరు? ఏమవుతారు? చెప్పినవారు చెప్పినట్టు నువ్వులు, నీళ్ళు వదులుతారు. పోయినవారి పేరు ఏడాదికోసారైనా గట్టిగా పలకడానికి మనకు దొరికిన అవకాశం అది. లేచి వచ్చేటప్పుడు మనసు కొంచెం తేలికపడుతుంది. అది అనుభవించినవారికి చెప్పనక్కరలేదు.

మరి భర్త బ్రతికి ఉన్నాడో లేడో తెలియని ఇల్లాలు ఆ గట్టు మీద ఏమి చెప్పాలి? నీళ్ళు వదిలితే తన చేతులారా అతన్ని చంపినట్టు. వదలకపోతే, ఒకవేళ అతను నిజంగా పోయి ఉంటే, దాహంతో ఉంచినట్టు. నొసట కుంకుమ ఉంచుకుంటే ఒక మాట, తీసేస్తే ఒక మాట. కూతురి పెళ్ళిలో పీటల మీద కూర్చోవచ్చా? శుభలేఖలో తండ్రి పేరుకు ముందు ఏమి రాయాలి? వారిలో చాలామంది క్రైస్తవులు కూడా ఉన్నారు. నవంబరు 2న సమాధుల మీద దీపాలు పెట్టే రోజున వారిదీ ఇదే సంకటం. దీపం పెట్టడానికి సమాధి ఏది?

మన పెద్దలు ఈ సంకటాన్ని ఎరగనివారు కాదు. దేశాంతరం వెళ్ళి పన్నెండేళ్ళు ఏ వార్తా లేనివాడికి దర్భలతోనో, మోదుగాకులతోనో మనిషి ఆకారం చేసి దహనం చేయమని ధర్మశాస్త్రంలో విధి ఉంది. అంటే పన్నెండేళ్ళు ఎదురుచూడు, ఆ తరువాత నిన్ను నువ్వు విడిపించుకో అని. 1872 నాటి మన సాక్ష్య చట్టం దానిని ఏడేళ్ళు చేసింది. ఏడేళ్ళపాటు, ఉంటే తప్పక తెలియవలసినవారికి ఏ కబురూ తెలియకపోతే, బ్రతికే ఉన్నాడని చెప్పేవాడే దానిని రుజువు చేయాలి. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. శ్రీలంకలో 1995లోనూ 2010లోనూ చేసిన తాత్కాలిక చట్టాలు దానిని ఒక ఏడాదికి దించాయి. ఏడాది దాటితే మరణ ధృవీకరణ పత్రం ఇస్తామన్నారు. భూమి పట్టా మార్చుకోవాలన్నా, బ్యాంకులో డబ్బు తీయాలన్నా, పరిహారం కావాలన్నా ఆ కాగితం అవసరం. అవసరం కొద్దీ తీసుకున్నవారు ఉన్నారు. ఎక్కడ చనిపోయాడు, ఎలా చనిపోయాడు అన్న గళ్ళు ఖాళీగా ఉన్న కాగితం మీద మేము సంతకం పెట్టము అని తిప్పి పంపినవారూ ఉన్నారు. ఈ బాధ గమనించి 2016లో చట్టాన్ని సవరించి మరణ పత్రానికి బదులుగా 'ఆచూకీ లేదు' అని ధృవీకరించే పత్రం కూడా ఇవ్వవచ్చునన్నారు. నాకు తెలిసినంతలో మన ఇళ్ళ బాధకు సర్కారు కాగితం కాస్త దగ్గరగా వచ్చింది అక్కడే. పోయాడు అనదు, ఉన్నాడు అనదు, లేడన్న సంగతి మాత్రం ఒప్పుకుంటుంది.

ఇక్కడ శిబిరంలో ఇంకో వింత ఉంది. నిర్ణీత దినాలలో రెవెన్యూ ఉద్యోగులు తనిఖీకి వస్తారు. ఇంటింటి కార్డు చూసి పేర్లు పిలుస్తారు. పిలిచినప్పుడు మనిషి ఎదుట ఉండాలి, లేకపోతే ఆ నెల భరణానికి ఇబ్బంది. 1991 మే 21న తిరువళ్ళూరుకు దగ్గరలోని శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌గాంధీ హత్య జరిగిన తరువాత ఈ నిఘా మరీ గట్టిపడింది. ఆ హత్యతో ఏ సంబంధమూ లేని ముసలమ్మలు కూడా ఆ రోజులలో గడపదాటడానికి వెనకాడారు. చూడండి, ఒక్కరు కూడా కనబడకుండా పోకూడదని గట్టి లెక్క పెట్టే చోట ఉన్నారు వాళ్ళు. వాళ్ళు వెదికే మనిషి పేరు మాత్రం ఏ పిలుపులోనూ రాదు.

వెదికే పని ఎవరు చేశారు? చేసినవారున్నారు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘం 1989లో శ్రీలంకలో పని మొదలుపెట్టింది. అప్పటినుంచి 16 వేలకు పైగా కుటుంబాలు తమవారి కోసం అక్కడ పేరు నమోదు చేసుకున్నాయి. ఈ సంఘానికి ఇది పాత విద్య. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు జెనీవాలో ఒక కార్యాలయం పెట్టి, ఖైదీలకూ, జాడ తెలియని సైనికులకూ ఒక్కొక్కరికి ఒక్కొక్క అట్టముక్క రాశారు. యుద్ధం ముగిసేసరికి అవి 70 లక్షలు. కంప్యూటరు లేని రోజులలో, అక్షరక్రమంలో, చేతితో రాసిన 70 లక్షల అట్టలు!

రేడియో కూడా తన వంతు చేసింది. 1947లో దేశవిభజన జరిగినప్పుడు చెల్లాచెదురైన కుటుంబాలవారి పేర్లను, వారు ఎక్కడ ఉన్నారన్న సమాచారాన్ని మన రేడియో గంటల తరబడి చదివింది. పాట లేదు, ప్రసంగం లేదు, వట్టి పేర్లు, ఊళ్ళ పేర్లు. ఆ రోజులలో రేడియో చుట్టూ మూగి తమ పేరు వినపడుతుందేమోనని ఊపిరి బిగపట్టినవారు ఎందరో. ఆ తరువాత చాలాకాలం మన స్టేషన్లలోనూ 'కనబడుట లేదు' అనే ప్రకటనలు వినిపించేవి. మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఎత్తు ఇంత, చామనచాయ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని చదువుతుంటే వంటింట్లో ఉన్నవారు కూడా ఒక్క క్షణం చేతిలో గరిటె ఆపి వినేవారు.

శ్రీలంక ప్రభుత్వం సంఘాలు వేయలేదా అంటే వేసింది. ఒకటి కాదు, చాలా వేసింది. 1994లో చంద్రికా కుమారతుంగ అధికారంలోకి రాగానే ప్రాంతాలవారీగా మూడు విచారణ సంఘాలు, తరువాత 1998లో దేశమంతటికీ ఒకటి. అన్నీ కలిసి సుమారు ఇరవైవేల కేసులు నిజమేనని తేల్చాయి. అసలు సంఖ్య 60 వేల నుంచి లక్ష వరకు ఉండవచ్చునని ఆమ్నెస్టీ సంస్థ అంచనా. 2009 మేలో ముల్లివాయ్‌క్కాల్ దగ్గర యుద్ధం ముగిసిన రోజున వట్టువాకల్ వంతెన దగ్గర తమవారిని తామే సైన్యానికి అప్పగించిన కుటుంబాలు ఉన్నాయి. తీసుకుపోయారని కాదు, మేమే చేయి పట్టుకొని అప్పగించామని వారి బాధ. వాళ్ళను బస్సులలో ఎక్కించడం చూశామంటారు. ఆ బస్సులు ఎక్కడికి వెళ్ళాయో ఎవరూ చెప్పరు. వారిలో కొందరి కోసం వేసిన హెబియస్ కార్పస్ అర్జీలలో 2022 డిసెంబరులో, అంటే పదమూడేళ్ళకు, వవునియా హైకోర్టు వారిని హాజరుపరచమని సైన్యాన్ని ఆదేశించింది.

2016లో తప్పిపోయినవారి కోసం ప్రత్యేక కార్యాలయం పెడుతూ చట్టం చేశారు. మనుషులను మాయం చేయడాన్ని నేరంగా ప్రకటించే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను కూడా శ్రీలంక అదే సంవత్సరం ఆమోదించింది. మన దేశం 2007లో ఆ ఒడంబడిక మీద సంతకం చేసింది, ఆమోదం మాత్రం ఇంకా తెలుపలేదు. 2017 ఫిబ్రవరి 20న కిళినొచ్చిలో తల్లులు రోడ్డు పక్క పందిరి వేసుకొని కూర్చున్నారు. నెలలు గడిచాయి, సంవత్సరాలు గడిచాయి. పందిరిలో కూర్చున్న ఎంతోమంది తల్లిదండ్రులు ఈ లోగా కన్నుమూశారు. 2020 జనవరిలో అప్పటి అధ్యక్షుడు గోటబయ రాజపక్స, తప్పిపోయినవారు నిజానికి చనిపోయారని అన్నాడు. ఎవరు, ఎక్కడ, ఎవరి చేతిలో అన్నది చెప్పలేదు. పరిహారం పెంచి ఇస్తామంటే ఆ తల్లులు డబ్బు వద్దన్నారు. డబ్బు అవసరం లేక కాదు. పందిరిలో ఉన్నవారిలో రెండుపూటలా తిండికి లేనివారే ఎక్కువ.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి, ప్రసంగం పక్కదారి పట్టిందనుకోకండి. కండి రాజ్యానికి ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు. నాయకర్ వంశం, తెలుగు మూలం. 1815లో ఇంగ్లీషువారు పట్టుకొని, మరుసటి ఏడు మన వేలూరు కోటకు తెచ్చి ఖైదులో ఉంచారు. 1832 జనవరి 30న అక్కడే పోయాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది, అది ఎవరిదో తెలుసు, తేదీ తెలుసు. సముద్రం దాటి, రాజ్యం పోగొట్టుకొని, శత్రువు చెరలో చనిపోయినవాడికి కూడా పేరు చెక్కిన రాయి ఒకటి దక్కింది. మన సరిహద్దు చరిత్ర కూడా చూడండి. తిరుత్తణి ఎవరికన్న తగాదా ఏళ్ళతరబడి నడిచింది. మ.పొ.శివజ్ఞానం వంటివారు జైలుకు వెళ్ళారు. చివరికి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్ళింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఇల్లు కదలకుండానే మన తాతలకు రాష్ట్రం మారింది. అలిగినవారు అలిగారు, కాని జైలుకు వెళ్ళినవాడు ఏ జైలులో ఉన్నాడో ఇంట్లోవారికి తెలిసేది, ములాఖత్‌కు వెళ్ళివచ్చేవారు. తగాదాకూ, దీనికీ ఉన్న తేడా అది.

ఎముకల సంగతి చెప్పి ముగిస్తాను. యాళ్ప్పాణం పట్టణం అంచున చెమ్మణి అనే చోటు ఉంది. 1996లో కృశాంతి కుమారస్వామి అనే బడిపిల్లను సైనికులు పొట్టన పెట్టుకున్నారు. ఆ కేసులో 1998లో శిక్ష పడిన సైనికుడే కోర్టులో నోరు విప్పాడు. ఇంకా వందలమందిని చెమ్మణిలో పూడ్చాము, చోటు చూపిస్తాను అన్నాడు. 1999లో తవ్వితే 15 మంది అస్థికలు బయటపడ్డాయి. అక్కడితో ఆ సంగతి చల్లబడింది. మన్నారు పట్టణంలో 2018లో ఇంకో గుంటలో మూడు వందలకు పైగా అస్థిపంజరాలు దొరికాయి. కొన్ని ఎముకలు అమెరికాకు పంపి కాలం లెక్కకట్టిస్తే అవి వందల ఏళ్ళ నాటివని వచ్చింది. అది ఒప్పుకోనివారు ఇప్పటికీ ఉన్నారు. ఎముకను చూడగానే నిర్ణయానికి రాకూడదని, చూడకుండా ఉండకూడదని కూడా ఆ గుంట చెబుతుంది.

2025 ఫిబ్రవరిలో చెమ్మణి దగ్గరే, సిందుపాత్తి శ్మశానంలో కట్టడం పనికి పునాది తీస్తుంటే మళ్ళీ ఎముకలు తగిలాయి. కోర్టు పర్యవేక్షణలో తవ్వారు. ఆ ఏడాది సెప్టెంబరు నాటికి రెండు వందలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. చిన్నపిల్లలవీ ఉన్నాయి. ఒక బడిసంచి దొరికింది. ఒక ఆటబొమ్మ, గాజులు, చెప్పులు. ఎముకకు పేరు లేదు, ఎవరిదో చెప్పాలంటే ప్రయోగశాలలో తల్లి రక్తంతోనో, తోబుట్టువు రక్తంతోనో పోల్చాలి. అర్జెంటీనాలో 1984 నుంచి ఈ విద్యను నేర్చుకొని వందలమందికి పేర్లు తిరిగి ఇచ్చారు. గాజుకు, చెప్పుకు ప్రయోగశాల అక్కరలేదు, కొన్నవారి కన్ను చాలు. అందుకే 2025 ఆగస్టు 5న ఆ వస్తువులను అక్కడే వరుసగా పెట్టి, వచ్చి చూడండి, గుర్తుపట్టండి అని జనాన్ని పిలిచారు.

జనం వెళ్ళారు. ముప్ఫై ఏళ్ళ కిందట తప్పిపోయిన బిడ్డ చెప్పును వెదకడానికి వెళ్ళిన ముసలివారు. ఆ సంచీ తమది కాదని తెలిస్తే సంతోషించాలో, ఇంకా వెదకాలే అని కూలబడాలో ఎవరు చెప్పగలరు? అలాంటి తల్లుల పిలుపు మన జిల్లా దాకా కూడా వస్తుంది. గుమ్మిడిపూండిలో ఉన్నావిడ ఆ వరుసలో నిలబడాలంటే పాస్‌పోర్టు కావాలి, శిబిరం నుంచి అనుమతి కావాలి, వెళ్ళినవారిని తిరిగి రానిస్తారో లేదో తెలియాలి. ఆవిడకు మిగిలిన దారి మనవడి ఫోను. అందులో వచ్చిన బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి, గాజు రంగు ఆకుపచ్చా, నీలమా అని వెలుతురు వైపు తిప్పి చూసుకోవాలి.